గుంటలో ఉన్నదంతా బ్యాక్టీరియానేనా?

సందేహం: ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. ఏ జబ్బొచ్చినా మందుల షాపులో ‘బ్యాక్టీరియా’ అంటారు. మా అమ్మాయేమో అమీబా బ్యాక్టీరియా కాదు, ప్రోటిస్టు అంటోంది. రెండూ కంటికి కనపడని సూక్ష్మజీవులే, ఏకకణ జీవులే కదా! ఒకే మాట వాడితే తప్పా? ప్రోటిస్టుకు తెలుగు మాట ఏది?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీ అమ్మాయి చెప్పిందే సరి. సూక్ష్మజీవి అంటే సైజు తెలుస్తుంది, ఏకకణ జీవి అంటే కణాల లెక్క తెలుస్తుంది. అది ఏ కోవకు చెందిందో రెండూ చెప్పవు. పైగా ఆ మాటలు అన్నిచోట్లా నిలబడవు కూడా. కరీబియన్ దీవి గ్వాడెలూప్ మడ అడవుల్లో దొరికిందని 2022లో ప్రకటించిన ఒక బ్యాక్టీరియా సుమారు సెంటీమీటరు పొడవుంటుంది. తెల్ల దారప్పోగులా కంటికే కనిపిస్తుంది. ఇక సముద్రంలో పదుల మీటర్లు పెరిగే కెల్ప్ అనే గోధుమరంగు నాచును చాలామంది శాస్త్రవేత్తలు ప్రోటిస్టుల్లో కలుపుతారు. దాన్ని ఏకకణ జీవి అని ఎలా అంటాం?

అసలు తేడా కణం లోపలుంది. బ్యాక్టీరియాకు కేంద్రకం ఉండదు, జన్యుపదార్థం చుట్టూ సాధారణంగా పొర ఉండదు. ప్రోటిస్టుకు పొర ఉన్న కేంద్రకం ఉంటుంది. అందుకే బడి పుస్తకాలు మొదటిదాన్ని కేంద్రకపూర్వ జీవి అనీ, రెండోదాన్ని నిజకేంద్రక జీవి అనీ అంటాయి. నోరు తిరగని మాటలే గానీ అర్థం కచ్చితం. ఆ లెక్కన అమీబా బ్యాక్టీరియాకన్నా మనకే దగ్గర చుట్టం.

మీకు ఈ తేడా డబ్బుతో ముడిపడింది. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా. రొయ్య పెంకు మీదా మొప్పల మీదా పట్టే జూతామ్నియం ప్రోటిస్టు. తెల్లమచ్చ జబ్బేమో వైరస్ వల్ల వస్తుంది, అది ఈ రెంటిలోనూ చేరదు. పెన్సిలిన్ లాంటి మందు బ్యాక్టీరియాను దాని కణకవచం కట్టుకోనివ్వకుండా చంపుతుంది. ఆ రకం కవచమే లేని ప్రోటిస్టును అదేం చేస్తుంది? (తెల్లమచ్చకు యాంటీబయాటిక్ అంటగట్టే షాపుకైతే మళ్లీ వెళ్లకండి.)

తికమకంతా నాచు దగ్గరే. నీళ్లు గోధుమ రంగుకు తిరిగితే డయాటమ్‌లు (కంటికి కనపడనంత చిన్న నాచు) పెరిగాయని రైతులు సంతోషిస్తారు. అవి ప్రోటిస్టులు. నీలి ఆకుపచ్చ నాచు పైకి తేలితే టెన్షన్ మొదలవుతుంది. పేరుకు నాచే గానీ అది సయనోబ్యాక్టీరియా, అంటే బ్యాక్టీరియానే. వాడుకలో రెంటినీ నాచు అంటే తప్పు పట్టను, ఆ మాట పుట్టేనాటికి మైక్రోస్కోపు ఎక్కడిది? ల్యాబ్ రిపోర్టులో మాత్రం విడివిడిగా రాయాలి.

ప్రోటిస్టా అనే పేరు 1866లో జర్మన్ శాస్త్రవేత్త హెకెల్ పెట్టింది. మూలంలో ‘అన్నిటికన్నా మొదటిది’ అనే అర్థం ఉంది కదా అని ఆదిజీవి అన్నామంటే చిక్కే, భూమ్మీద ముందు పుట్టినవి బ్యాక్టీరియాలు. కాబట్టి ప్రోటిస్టు అనే రాయండి. మలేరియా కలిగించే ప్రోటిస్టుకు పరాన్నజీవి అనే మంచి మాట వాడుకలో ఉంది. అప్పుడప్పుడూ కనిపించే ‘మలేరియా బ్యాక్టీరియా’, ‘మలేరియా వైరస్’ రెండూ తప్పే.