లాగ్రైన్ రెడ్ వైన్: ఈ మంట సీసాలోదా, కూరలోదా?

ప్రశ్న: ఇటలీ ఆల్ప్స్‌లోని బోల్‌జానోలో రైతుల సహకార వైనరీ నుంచి లాగ్రైన్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ తెచ్చుకున్నాం. అక్కడ తాగినప్పుడు మెత్తగా ఉంది. ఇక్కడ నాటుకోడి కూరతో తాగితే ఒకటే చేదు, గొంతులో మంట. ప్రయాణంలో పాడైందా? సహకార సంఘం సరుకు కాబట్టి నాసిరకమా?
- పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నాసిరకం అనే మాట పక్కన పెట్టండి. బోల్‌జానో ఉన్న సౌత్ టిరోల్‌లో సుమారు 70 శాతం వైన్ సహకార సంఘాలదే. ఒక్కో రైతుకు ఉండేది సగటున హెక్టారుకు అటూ ఇటూ. అంత చిన్న కమతంతో సొంత వైనరీ పెట్టడం కష్టం. మన పాల సంఘాలు వెన్న శాతం చూసి ధర కట్టినట్టే, అక్కడ మంచి సంఘాలు ద్రాక్ష నాణ్యతను బట్టి రైతుకు చెల్లిస్తాయి. గ్రీస్ (దేశం కాదు, బోల్‌జానోలో ఒక పేట), సెయింట్ మగ్దలీనా సంఘాలు 2001లో కలిసి ఏర్పడిన కెల్లెరై బోట్సెన్ అనే సహకార సంఘం చేసే లాగ్రైన్ రిజర్వాకు, అంటే ఎక్కువ కాలం ఆగి బయటికొచ్చే రకానికి, మంచి పేరుంది.

పాడైందో లేదో సీసానే చెబుతుంది. బిరడా పైకి పొడుచుకొచ్చిందా, మూత కింద జిగురు చారలున్నాయా చూడండి. ఉడికిన జామ్ వాసన వస్తే వేడికి, వెనిగర్ ఘాటు వస్తే గాలి తగిలి చెడిపోయిందన్నమాట. ఇవేవీ లేకపోతే తప్పు మీరు తాగిన వేడిది, పక్కనున్న కారానిది.

లాగ్రైన్‌కు ముదురు రంగు, మంచి పులుపు, తొక్కల నుంచి వచ్చే వగరు, చివర్లో కొంచెం చేదు సహజం. ఆల్కహాల్ సాధారణంగా 13 శాతం దగ్గర ఉంటుంది. గది 30 డిగ్రీలుంటే ఆ ఆల్కహాలే ముందు ముక్కుకు తగులుతుంది. మిరపకాయ కారం మీద ఆల్కహాల్ పడితే మంట పెరుగుతుంది, వగరూ గరుకుగా తోస్తుంది. దీన్ని 16 నుంచి 18 డిగ్రీల మధ్య తాగాలి. ఫ్రిజ్‌లో గంటన్నర పెట్టండి. తొందరగా కావాలంటే ఐసు, నీళ్లు సగం సగం పోసిన బకెట్లో పన్నెండు, పదిహేను నిమిషాలు చాలు. ఐసు ఒక్కటే పోస్తే సీసాకు అంతటా తగలదు. అలాగని మరీ చల్లబరచకండి, 12 డిగ్రీలకు దిగితే వగరు మళ్లీ బిగుసుకుంటుంది. రిజర్వా అయితే అరగంట ముందే గాజు జగ్గులోకి వంచండి.

నాటుకోడి కారం తగ్గించడం మీకు ఇష్టం ఉండదు, ఉండక్కర్లేదు కూడా. ఆ రోజుకు ఆ ప్రాంతానిదే స్కియావా అనే తేలికైన రెడ్ వైన్ తెరవండి. దాన్నే ఫెర్నాచ్ అనీ అంటారు. లేత రంగు, తక్కువ వగరు, 14 డిగ్రీల దగ్గర హాయిగా తాగొచ్చు. లాగ్రైన్‌కు మిరియాల మటన్ వేపుడు, కాల్చిన మాంసం బాగా నప్పుతాయి.

ప్రశ్న: ఆల్ప్స్ చలి ప్రాంతం కదా, అంత నల్లటి ద్రాక్ష ఎలా పండుతుంది?
- పాఠకుడు, విజయవాడ

జవాబు: బోల్‌జానో సుమారు 260 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య గిన్నెలాంటి లోయలో ఉంది. ఉత్తరపు చలిగాలిని పర్వతాలు ఆపుతాయి. వేసవి పగలు 30 డిగ్రీలు దాటడం మామూలే. నది తెచ్చిపోసిన గులకరాళ్ల నేల త్వరగా వేడెక్కుతుంది. రాత్రి చల్లబడటం వల్ల పులుపు నిలుస్తుంది. అసలు చిక్కు పూత దగ్గర: లాగ్రైన్‌కు పిందె సరిగా కట్టక దిగుబడి ఒక్కో ఏడు పడిపోతుంది.

ప్రశ్న: మ్యూనిక్ నుంచి బోల్‌జానో వెళ్లి లాగ్రైన్ కొనాలనుకుంటున్నాను. లేబుల్‌లో ఏం చూడాలి? ఇండియాకు ఎన్ని తేవచ్చు?
- పాఠకుడు, మ్యూనిక్

జవాబు: 'డుంకెల్' లేదా 'స్కూరో' అని ఉంటే రెడ్. 'క్రెట్సర్' లేదా 'రోసాటో' అంటే గులాబీ రంగుది. ఇది తెలియక చాలామంది తికమకపడతారు. 'రిజర్వా' కనీసం రెండేళ్లు ఆగి బయటికొస్తుంది, ఇంకా కొన్నేళ్లు దాచుకోవచ్చు. మామూలుది రెండు, మూడేళ్లలో తాగేయండి. ఇండియా కస్టమ్స్‌లో పెద్దవారికి తలకు 2 లీటర్ల వరకు సుంకం లేదు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. చెకిన్ సామానులో, బట్టల మధ్య పెట్టండి. ఇంట్లో ఎండ తగిలే అల్మారా వద్దు, ఫ్రిజ్ మీద అసలే వద్దు.