చింత అంటే ప్రేమా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్లో అక్కడి పాటలు వినిపిస్తుంటాడు. వాటిలో మాటిమాటికీ ‘చింత’ అని వస్తోంది. అడిగితే ప్రేమ అని అర్థమన్నాడు. అది మన చింతేనా? మోటుపల్లి రేవు నుంచి మనవాళ్లే ఆ మాటను ఓడల్లో తీసుకెళ్లారని మావారంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మాట ఒకటేనమ్మా. మలయ్‌లోనూ ఇండొనేషియా భాషలోనూ ‘చింత’ అంటే ప్రేమే. మూలం సంస్కృతంలోని ‘చింతా’. (చేపల పులుసులో పడే చింత వేరు, అది అచ్చతెలుగు.) సంస్కృతంలో దానికి మొదటి అర్థం ఆలోచన, తలపు. ఆ తలపు మన దగ్గర దిగులు వైపు నడిచింది, వాళ్ల దగ్గర ప్రేమ వైపు నడిచింది. అయితే పాత మలయ్ కథల్లో ఈ మాటకి మనోవ్యథ అనే అర్థమూ కనిపిస్తుంది. నాకు ఇందులో వింతేమీ తోచదు. అమ్మమ్మ ఊరికి వెళ్లిపోతే పిల్లాడు బెంగ పెట్టుకుంటాడు. ఆ బెంగలో దిగులెంతో ప్రేమెంతో ఎవరు విడదీస్తారు? ‘సయాంగ్’ అని వాళ్ల సొంత మాట ఒకటుంది. ప్రేమగా పిలవడానికీ అదే, ‘అయ్యో పాపం’ అనడానికీ అదే.

ఇక మీవారి మాట. మోటుపల్లి మీద నాకూ చాలా అభిమానం. కానీ అక్కడ కాకతీయ గణపతిదేవుడు ఓడ వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ వేయించిన అభయ శాసనం 1244 నాటిది. సుమత్రాలో పాలెంబాంగ్ దగ్గర దొరికిన కెడుకన్ బుకిత్ శాసనం 683 నాటిది. అది పాత మలయ్‌లో ఉంది, అప్పటికే అందులో సంస్కృత పదాలు బోలెడు. బోర్నియోలో మూలవర్మ అనే రాజు కాలపు యూప (యజ్ఞస్తంభ) శాసనాలు ఇంకా పాతవి, దాదాపు 5వ శతాబ్దివి. అవి పూర్తిగా సంస్కృతమే, లిపి పల్లవుల నాటిది. ఆ పల్లవులు మన సీమనూ ఏలారు, ఒంగోలు దగ్గర చేందలూరు రాగిరేకులు వాళ్లవే. లిపి వరకు ఆ చుట్టరికం గట్టిదే. దాన్ని పట్టుకుని ‘చింత’ను తెలుగువాళ్లు మోసుకెళ్లారనడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ మాట మనకూ వాళ్లకూ సంస్కృతమే ఇచ్చింది.

మీ అబ్బాయిని అక్కడి మాటలు ఇంకొన్ని చెవిన వేసుకోమనండి. సువామి అంటే భర్త, బహాస అంటే భాష, సౌదర అంటే తోబుట్టువు. బజారులో వస్తువు ధరను ‘హర్గ’ అంటారు, అది సంస్కృత ‘అర్ఘ’మే.