టెక్ సందేహాలు: వ్యాన్‌లో గ్యాస్ బండ ఎక్కడ, ఎలా పెట్టాలి?

ప్రశ్న: పాత ట్రావెలర్ బండిని క్యాంపర్ వ్యాన్‌గా మార్పిస్తున్నాం. వంటగట్టు కింద 14.2 కిలోల గ్యాస్ బండ పెట్టి, గాలి ఆడేలా జాలీ తలుపు బిగిస్తే చాలని వడ్రంగి అంటున్నాడు. నిజంగా చాలా?
- ఒక పాఠకుడు, కర్నూలు

చాలదు. అసలు ఆ జాలీతోనే ప్రమాదం. వంటగ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పొగలా పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేలంతా పరుచుకుంటుంది. ఇంట్లోనైతే గడప దాటి కొంతైనా బయటికి పోతుంది. వ్యాన్ నేల తొట్టి లాంటిది, పోయే దారి ఉండదు. జాలీలోంచి వచ్చిన గ్యాస్ నేరుగా మీరు పడుకునే పరుపు కిందికి చేరుతుంది.

కిలో ద్రవ గ్యాస్ ఆవిరైతే సుమారు 450 లీటర్లవుతుంది. గాలిలో అది 2 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు. మీ వ్యాన్ లోపలి చోటు 10 ఘనపు మీటర్లనుకుంటే 200 లీటర్లు, అంటే అరకిలో లోపు గ్యాస్‌తోనే ఆ స్థాయి వస్తుంది. అదీ అంతటా సమానంగా కలిసిపోతే. నేల దగ్గర ఇంకా చాలా ముందే వస్తుంది.

కాబట్టి బండ పెట్టె వ్యాన్‌లో ఉన్నా, వ్యాన్ బయట ఉన్నట్టే లెక్క. మనుషులుండే వైపు గాలి కూడా దూరకూడదు, రోడ్డు వైపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. తలుపు బయటి నుంచే తీసేలా పక్క రేకు కోయించండి. పెట్టెకు 1.2 మిల్లీమీటర్ల సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) రేకు వాడి, మూలలు సాంతం వెల్డింగ్ చేయించండి. వెల్డర్లు తొందరలో అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తారు, గ్యాస్ లీకయ్యేది ఆ మధ్య సందుల్లోంచే. తర్వాత రెడ్ ఆక్సైడ్, ఆపైన రంగు.

ఇక పెట్టె అడుగు రంధ్రాలు. క్యాంపర్ వాహనాల గ్యాస్ అమరికకు యూరప్‌లో ఈఎన్ 1949 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం పెట్టె అడుగు వైశాల్యంలో 2 శాతం తెరిచి ఉండాలి, కనీసం 100 చదరపు సెంటీమీటర్లు. 35×35 సెంటీమీటర్ల పెట్టెకు 2 శాతమంటే 25 కూడా రాదు, కాబట్టి 100 లెక్కే తీసుకోవాలి. 60 మిల్లీమీటర్ల హోల్‌సా (గుండ్రంగా కోసే డ్రిల్ బిట్టు) రంధ్రం ఒక్కోటి 28 చదరపు సెంటీమీటర్లు. నాలుగు చాలనిపిస్తుంది కానీ, ఎలుకలు రాకుండా వేసే స్టీలు జాలీ మూడో వంతు చోటు తినేస్తుంది. ఆరు వేయించండి. అవి పెట్టె అడుక్కి సమమట్టంగా ఉండాలి. అంచు అరంగుళం లేచినా అంతమేర గ్యాస్ నిలిచిపోతుంది.

ఎక్కువమంది పొరపాటు చేసేది దీని తర్వాతే. పెట్టె అడుగుకూ వ్యాన్ నేల రేకుకూ మధ్య ప్లైవుడ్, థర్మోకోల్ ఉంటాయి. రంధ్రం వేసి వదిలేస్తే గ్యాస్ కిందికి పోకుండా ఆ సందులోకి పాకుతుంది. ప్రతి రంధ్రంలో రేకు గొట్టం దింపి, నేల రేకు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి రానిచ్చి, చుట్టూ పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ పట్టించాలి. కింద సైలెన్సర్ గొట్టం, డీజిల్ ట్యాంకు మూత దగ్గర్లో ఉండకూడదు. ఆదోని వైపు రేగడి రోడ్లలో ఒక్క వానకే ఆ జాలీలు మూసుకుపోతాయి. ముందువైపు చిన్న బురదరేకు కట్టించినా, వాన ప్రయాణం అయ్యాక వంగి చూడక తప్పదు.

14.2 కిలోల బండ వద్దు. నలుగురి వంటకు రోజుకు 300 గ్రాములనుకున్నా 5 కిలోల బండ రెండు వారాలు దాటుతుంది. గుర్తింపు కార్డు చూపిస్తే అడ్రసు రుజువు లేకుండానే 5 కిలోల బండ దొరుకుతుంది. నిండు పెద్ద బండ దాదాపు 30 కిలోలు. ఢీకొన్నప్పుడు పదింతల బలం పడితే 300 కిలోలు ముందుకు దూకినట్టే. చిన్న బండైనా సరే, 25×3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీలు రెండు, లోపల రబ్బరు వేసి, పైన ఒకటి కింద ఒకటి బిగించాలి. బోల్టులు ఎం8 (8 మిల్లీమీటర్ల మందం), బలంలో 8.8 గ్రేడు. ప్లైవుడ్‌కు స్క్రూ కొట్టడం కాదు, నేల రేకు దాటించి అడుగున 3 మిల్లీమీటర్ల ప్లేటు వేసి నట్టు బిగించాలి. డ్రిల్ పెట్టేముందు బండి కిందికి దూరి బ్రేకు పైపు, డీజిల్ పైపు ఎటు పోతున్నాయో చూడండి.

రెగ్యులేటర్, ఆరెంజ్ సురక్షా పైపు పెట్టెలోనే ఉండాలి. ఆ పైపు మీద ముద్రించిన తేదీ నుంచి ఐదేళ్లే. పెట్టె దాటాక 8 మిల్లీమీటర్ల రాగి గొట్టం వేసి, అరమీటరుకొక క్లిప్పు కొట్టాలి. రేకు దాటేచోట సందు మూసి గొట్టాన్ని పట్టి ఉంచే గ్లాండ్ బిగించాలి. రబ్బరు పైపును అల్మరా వెనకనుంచి లాగితే బండి అదురుకు ఒరుసుకుపోతుంది, లేదా ఎలుకలు కొరుకుతాయి. అతుకులన్నీ చేతికి అందేచోటే ఉండాలి.

అతుకులను సబ్బు నురుగుతో చూస్తారు. సన్న లీకు దానికి దొరక్కపోవచ్చు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక ట్యూబును యూ ఆకారంలో వంచి, సగం నీళ్లు పోసి, పొయ్యి దగ్గర గొట్టానికి మూడు దారుల ‘టీ’ జాయింటు వేసి కలపండి. మన రెగ్యులేటర్ ఇచ్చే 30 మిల్లీబార్ అంటే 30 సెంటీమీటర్ల పైచిలుకు నీటి తేడా. కాడలు ఒక్కోటి మీటరుంటే నీళ్లు చిమ్మవు. పొయ్యి నాబ్‌లు కట్టేసి, రెగ్యులేటర్ ఆన్ చేసి, తేడా నిలబడ్డాక ఆఫ్ చేయండి. నీడలో పది నిమిషాలు కదలకపోతే అతుకులు బాగున్నట్టు. మట్టం దిగితే అప్పుడు నురుగు పట్టుకుని వెతకండి.

మార్పులు మొదలుపెట్టేముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం మార్చాలంటే అనుమతి కావాలి.

ప్రశ్న: గ్యాస్‌ను పసిగట్టే ఎంక్యూ-6 సెన్సర్, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో గ్యాస్ అలారం తయారుచేశాను. బండ పెట్టెలోనే పెట్టి, లీకైతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతటదే తిరిగేలా చేయవచ్చా?
- ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, అనంతపురం

ఫ్యాన్ ఆలోచన మానేయండి. ఫ్యాన్‌ను ఆన్ చేసే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) అతుక్కునేటప్పుడు, మోటారు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. గ్యాస్ ఉన్నచోట మీరే అగ్గిపుల్ల గీసినట్టవుతుంది. బదులుగా కరెంటు లేనప్పుడు మూసుకుని ఉండే సోలెనాయిడ్ వాల్వును, గ్యాస్‌కు పనికొచ్చేది చూసి గొట్టం మీద పెట్టండి. అలారం మోగితే సరఫరా ఆగుతుంది. రిలే మాత్రం పైన, కప్పు దగ్గర ఉండాలి.

సెన్సర్‌నూ పెట్టెలో పెట్టొద్దు. రెగ్యులేటర్ తీసి పెట్టినప్పుడల్లా కాస్త గ్యాస్ వస్తుంది, అలారం అరుస్తుంది, నాలుగోసారి విసుగొచ్చి మీరే వైరు పీకేస్తారు. మనుషులుండే వైపు, నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో బిగించండి.

ఎంక్యూ-6 హీటర్‌కు 5 వోల్టుల దగ్గర సుమారు 150 మిల్లీఆంపులు కావాలి. 12 వోల్టుల నుంచి 7805 అనే వోల్టేజి రెగ్యులేటర్ ఐసీతో దించితే మిగతా 7 వోల్టులు వేడిగా పోయి రోజుకు మొత్తం 43 వాట్ అవర్లు ఖర్చవుతాయి. వేడిగా వృథా చేయకుండా వోల్టేజి దించే బక్ కన్వర్టర్ వాడితే 20 చిల్లరే. కొత్త సెన్సర్‌ను ఒకటి రెండు రోజులు పవర్‌లో ఉంచాకే రీడింగ్ నమ్మండి. వేడికి, తేమకు అది మారుతూ ఉంటుంది కాబట్టి ఫోన్‌కు సందేశం పంపడానికి మీది వాడుకోండి, నిద్రలేపే పనికి మాత్రం సర్టిఫై అయిన అలారం కొనండి. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను ఎంక్యూ-6 నమ్మకంగా పట్టుకోదు. దానికి వేరే అలారం తలగడ ఎత్తులో ఉండాలి.

ప్రశ్న: మే నెలలో గండికోట వెళ్తున్నాం. బండి ఎండలో నిలబెడితే సిలిండర్ పేలుతుందా?
- ఒక పాఠకురాలు, కడప

నింపేటప్పుడే వ్యాకోచానికి చోటు వదులుతారు. 14.2 కిలోల బండలో 33.3 లీటర్ల నీళ్లు పడతాయి, ద్రవ గ్యాస్ నింపేది దాదాపు 26 లీటర్లే. మన మామూలు ఎండకు భయం లేదు. అద్దాలెత్తి మూసిన వ్యాన్ లోపల మాత్రం 60 డిగ్రీలు దాటవచ్చు, బండను 50 డిగ్రీలు దాటనివ్వకూడదు. పెట్టె ఉన్న వైపు నీడకు తిప్పండి, పెట్టెకు తెల్ల రంగు వేయండి. టాప్ మీద కట్టొద్దు. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆఫ్. బండను ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే రెగ్యులేటర్‌లోకి ద్రవమే వచ్చి మంట ఎగుస్తుంది.

బండ తీసుకునేటప్పుడు మెడ పట్టీ లోపలివైపు రాసిన అక్షరం చూడండి, అది బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు. ఏ అంటే జనవరి-మార్చి, బీ ఏప్రిల్-జూన్, సీ జులై-సెప్టెంబరు, డీ అక్టోబరు-డిసెంబరు. పక్కనున్న అంకె ఏడాది. ఆ తేదీ దాటినదైతే వెనక్కిచ్చి వేరేది అడగండి.