ఒకే ఫ్లాటుకు మూడు విలువలు: దేనిని నమ్మాలి?

హైదరాబాదు నిజాంపేటలో 2012లో కొన్న 1,150 చదరపు అడుగుల ఫ్లాటును అమ్మదలచుకున్నామని, దాని విలువ రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో 42 లక్షలు ఉండగా బ్యాంకు వాల్యూయర్ 60 లక్షలనీ, బ్రోకరు 75 లక్షలనీ అంటున్నారని, ఏ అంకెను నమ్మాలో పాలుపోవడం లేదని ఒక పాఠకురాలు రాశారు.

మీరు విన్న మూడు అంకెలూ మూడు వేర్వేరు అవసరాల కోసం కట్టినవి. రిజిస్ట్రేషన్ శాఖ వారు ‘మార్కెట్ విలువ’ అని పిలిచేది సుంకాల లెక్క కోసం ప్రభుత్వం ఖరారు చేసిన కనీస విలువ మాత్రమే. బ్యాంకు వాల్యూయర్, అప్పు మొండిబకాయి అయిన నాడు ఈ ఇంటిని అమ్మి ఎంత రాబట్టవచ్చునో చూస్తారు కనుక, కొంత తగ్గించి వేయడం సహజం. బ్రోకరు చెప్పినది చుట్టుపక్కల అమ్మకందారులు అడుగుతున్న ధర. అడిగిన ధరకూ బేరం తెగిన ధరకూ మధ్య దూరం ఉంటుంది.

అసలు విలువను మోసేది భూమి. కట్టడం ఏటేటా పాతబడుతుంది, దాని కింది స్థలానికి ఆ బెడద లేదు. అందువల్ల ముందుగా మీ సేల్ డీడ్ తీసి, అవిభాజ్య వాటా, అంటే మొత్తం స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే భాగం, ఎన్ని గజాలని రాశారో చూడండి. 500 గజాల స్థలంలో పది ఫ్లాట్లు కట్టి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 50 గజాలు వస్తాయి, ఇరవై కడితే 25 గజాలే వస్తాయి. గదుల కొలతలు ఒకటే అయినా ఈ రెండింటి ధర ఒకటి కాదు. ఆ తరువాతివి కాగితాలు. అనుమతికి మించి వేసిన అంతస్తులో ఉన్న ఫ్లాటుకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం, అప్పు దొరకని ఇంటిని చేతిలో నగదున్న కొద్దిమందే కొనగలరు. చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో ఏర్పడ్డాక, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దులో) గానీ, దాని చుట్టూ కట్టడాలు నిషేధించిన బఫర్ జోన్‌లో గానీ ఉందా అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవడం మరీ అవసరం. తూర్పు ముఖం, మంచినీటి కనెక్షన్, కారు పార్కింగ్, మెట్రో దూరం కూడా లెక్కకు వస్తాయి.

ఇక కొనేవారి వైపు నుంచి చూడండి. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణాలలో, ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. వాల్యూయర్ 60 లక్షలే వేస్తే అప్పు 48 లక్షల దగ్గర ఆగుతుంది. మీరు 75 లక్షలు కావాలంటే మిగిలిన 27 లక్షలతో పాటు, స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం చొప్పున మరో 5.6 లక్షలు వారు చేతి నుంచి పెట్టుకోవాలి. 64 లక్షలకైతే ఈ మొత్తం 32.6 లక్షల నుంచి 20.8 లక్షలకు దిగుతుంది, కొనగలిగేవారి సంఖ్య పెరుగుతుంది.

మీ అపార్టుమెంటులోనో పక్కదానిలోనో గత ఆరు నెలల్లో అమ్మినవారిని కలిసి, చేతికి వచ్చిన మొత్తం ఎంతో అడగండి. వారి మాట మరోలా ఉంటే తప్ప, నేనైతే 68 లక్షలు చెప్పి 64 దగ్గర బేరం తెంచుకోమంటాను.