ఫిజీ పల్లెకి వలంటీరుగా వెళ్తున్న మా అమ్మాయికి

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు కాగితాలూ చదివాను. మొదటిది ఎనిమిది వారాల ప్యాకేజీ. బడికి రంగులు వెయ్యాలి, పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాలి, శని ఆదివారాలు సముద్రంలో ఈత కొట్టాలి, ఇన్నిటికీ నువ్వే వాళ్ళకి డబ్బు కట్టాలి. రెండోది లోమైవిటి దీవుల్లో ఒక ఊళ్ళో ఏడాదిపాటు మంచినీళ్ళ పని, భత్యం అంతంతమాత్రం. ఏది మంచిది పెదనాన్నా అని అడిగావు. రెండోదే. మొదటిదానికి కట్టే డబ్బుతో హాయిగా టూరిస్టుగా వెళ్ళి, ఊరివాళ్ళు నడిపే ఇంట్లో అద్దెకుండి రా, నాలుగు డబ్బులు వాళ్ళకే మిగుల్తాయి. అయినా బడికి రంగు వెయ్యడం ఆ ఊరి కుర్రాళ్ళకి రాని పనా? డబ్బాలు కొనిస్తే సాయంత్రానికల్లా వేసి పారేస్తారు.

రెండోదానికి కూడా సంతకం పెట్టే ముందు ఆ సంస్థవాళ్ళని కొన్ని అడుగు. మనిషి కావాలని ఊరే అడిగిందా, వీళ్ళే పంపిస్తున్నారా? నీకంటే ముందు అక్కడ పనిచేసిన మనిషితో మాట్లాడిస్తారా? నువ్వొచ్చేశాక ఆ పని ఎవరి చేతికి పోతుంది? వీసా సంగతి కాగితం మీద రాసిమ్మను. మన పాస్‌పోర్టుకి ఫిజీలో సందర్శకులుగా ముందస్తు వీసా అక్కర్లేదన్నది నిజమే గానీ, అది తిరిగి చూడ్డానికి. ఏడాదిపాటు పనిచెయ్యడానికి వేరే అనుమతి కావాలి, అది తెప్పించాల్సింది వాళ్ళు. పిల్లలున్న ఊళ్ళోకి పంపిస్తూ నీ దగ్గర పోలీస్ క్లియరెన్స్ అడగని సంస్థ అయితే ఇంకో ఆలోచన లేకుండా వదిలెయ్యి.

ఇక ఊళ్ళోకి అడుగు పెట్టే సంగతి. ఫిజీలో 300కి పైగా దీవులున్నాయి, మనుషులుండేవి వంద పైచిలుకు. నువ్వు వెళ్ళేది ఇతౌకేయిల ఊరు, అంటే ఆ గడ్డకి చెందిన ఫిజియన్లది. అక్కడి నేల వంశాల ఉమ్మడి ఆస్తి, ఊరి ముందున్న సముద్రంలో చేపలు పట్టే హక్కూ వాళ్ళదే. పడవ దిగి నేరుగా ఇళ్ళమధ్యకి నడిచిపోకూడదు. తురంగ ని కోరో అని ఊరి పెద్ద ఒకాయన ఉంటాడు, ప్రభుత్వానికీ ఊరికీ మధ్య మనిషి. నువ్వు వస్తున్నట్టు జిల్లా కార్యాలయం నుంచి ఆయనకి కబురు ముందే అంది ఉండాలి. నువ్వు చేతిలో యంగోనా అనే మొక్క వేళ్ళ కట్ట పట్టుకెళ్ళాలి. నీళ్ళలో కలిపి తాగుతారు, బయటివాళ్ళు కావా అంటారే, అదే. రాజధాని సువా మార్కెట్లో కాగితం చుట్టి, రిబ్బను కట్టి అమ్ముతారు, అరకిలో చాలు.

ఆ కట్ట ఇచ్చి ఊళ్ళోకి అనుమతి అడిగే తంతుని సెవుసెవు అంటారు, అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఏడాదంతా నీ మాటకి ఊళ్ళో ఉండే విలువ ఆ గంటలోనే తేలుతుంది. చెప్పులు గుమ్మం బయట విడవాలి. మోకాళ్ళు దాటేదాకా సులు చుట్టుకోవాలి, మన లుంగీలాంటి గుడ్డే, భుజాలు కప్పి ఉండాలి. టోపీ, తలమీదకి ఎత్తిన కళ్ళజోడు తీసెయ్యి. సంచీ భుజాన వేలాడకుండా చేత్తో పట్టుకో. లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చో, కాళ్ళు ఎవరివైపూ చాపకు. నీ తరఫున మాట్లాడే పెద్దమనిషి యంగోనా కట్టని ముందు పెట్టి, నువ్వెవరి మనిషివో, ఎందుకొచ్చావో చెప్తాడు. అవతలి పెద్ద కట్టని తాకి స్వీకరించాడంటే ఊరి రక్షణలోకి నువ్వొచ్చేసినట్టే. తర్వాత పెద్ద చెక్క గిన్నెలో కలిపి, కొబ్బరి చిప్పతో అందిస్తారు. తీసుకునే ముందు అరచేతులు గుంటగా చేసి ఒక్కసారి చప్పట్లు కొట్టి, 'బులా' అని ఒక్క గుక్కలో తాగి, చిప్ప తిరిగిచ్చి మూడుసార్లు కొట్టాలి. బురదనీళ్ళలాగే ఉంటుంది, నాలుక కాసేపు మొద్దుబారుతుంది, కంగారుపడకు. మొదటి చిప్ప కాదనకు. ఆ తర్వాత సగం చాలని చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. రాత్రి పొద్దుపోయేదాకా సాగే ఆ కూర్చోడాలకి రోజూ హాజరు వెయ్యక్కర్లేదు, తెల్లారి పనికి లేవలేవు.

చిన్నచిన్నవి మరికొన్ని. పసిపిల్లల తల నిమరకు, మనకి ముద్దు, వాళ్ళకి తల తాకడం తప్పు. కూర్చున్నవాళ్ళ ముందునించి వెళ్ళాల్సొస్తే వంగి, 'తిలౌ' అంటూ వెళ్ళు. ఎవరింట్లోనైనా వస్తువు బాగుందని మరీ మెచ్చుకోకు, తీసి నీ చేతిలో పెట్టేస్తారు. ఆదివారం ఊరంతా చర్చిలోనే, ఎక్కువమంది మెథడిస్టులు. నువ్వు పూజ చేసుకుంటావని చెప్పు, అయినా వెళ్ళి వెనక చాప మీద కూర్చో. పాట మాత్రం వినాల్సిందే, వాయిద్యం లేకుండా నాలుగు గొంతులు విడివిడిగా ఎత్తుకుంటారు. ఆ రోజు సుత్తి, గునపం ముట్టుకోకు. కెరెకెరె అని ఒక పద్ధతుంది, అయినవాళ్ళు ఒకరి వస్తువు ఒకరు అడుగుతారు, ఇవ్వడం మర్యాద. నీ టార్చీ, నీ ఛార్జరూ అడిగినప్పుడు దొంగతనమన్నట్టు ముఖం పెట్టకు. అలా తిరిగేవి రెండు అదనంగా తీసుకెళ్ళు, లేకపోతే ఇది నా పనికి కావాలి, ఇవ్వలేను అని నవ్వుతూ చెప్పు, అదీ అర్థం చేసుకుంటారు.

నీ పథకం కాగితంలో 'మొదటి నెల: సర్వే, డిజైన్, మెటీరియల్ ఆర్డర్' అని రాశావు. కొట్టెయ్యి. మొదటి నెల చాపలు అల్లు. నవ్వకు. వోయివోయి అనే మొగలి జాతి ఆకు ఎండబెట్టి, చీల్చి, ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని అల్లుతారు. ఊరి సభలో మాట్లాడేది ఎక్కువగా మగవాళ్ళు. నీళ్ళు మోసేది, బట్టలుతికేది, పిల్లాడికి విరేచనాలైతే రాత్రంతా మేలుకునేది ఆడవాళ్ళు. ఏ ట్యాంకులో నీళ్ళు కంపు కొడుతున్నాయో, ఏ రెండిళ్ళ మధ్య కుళాయి గొడవుందో, ఇదివరకు వచ్చినవాళ్ళు పెట్టిన పంపు ఎందుకు మూలపడిందో నీకు ఆ చాప దగ్గర తెలుస్తుంది, సభలో తెలియదు. ఆర్‌డబ్ల్యూఎస్‌లో, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖలో, ఉద్యోగం మొత్తం చేసి రిటైరయ్యాక అక్కడికెళ్ళినవాణ్ణి నేను. మన మండలాల్లోనూ ఇదే కథ. కాకపోతే ఇక్కడ మన జీపు సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది కాబట్టి మనకి తెలియదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. చిన్న దీవుల్లో ఏరు ఉండదు. నేలకింద ఉప్పునీటి మీద తేలే పలచటి మంచినీటి పొర ఉంటుంది, మోటారు పెట్టి లాగితే కిందనుంచి ఉప్పు ఎక్కుతుంది, ఎక్కితే మళ్ళీ తేరుకోడానికి చాలా కాలం పడుతుంది. అందుకే బోరు మాట ఎత్తకు. వాననీళ్ళే దిక్కు. లెక్క తేలికే. 40 చదరపు మీటర్ల రేకు కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,000 లీటర్లు, కారిపోయేదీ చిందిపోయేదీ పోగా 1,600 అనుకో. మే నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. కాబట్టి ట్యాంకు సైజు సగటు వానని చూసి కాదు, ఆ పొడి నెలల్ని చూసి తేల్చు.

ట్యాంకు పెట్టడం పెద్ద పనే కాదు, పచ్చగానో నల్లగానో ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు ఊరూరా కనిపిస్తాయి. చూడాల్సింది దాని చుట్టూ ఉన్నవి. కప్పు చివర గాడి వంగి ఉంటుంది, నీళ్ళు ట్యాంకులోకి కాకుండా గోడ మీద కారుతుంటాయి. మొదటి వాన మురికి పక్కకి పోయే గొట్టం మూత ఎవరో విప్పి పడేసి ఉంటారు. దోమల జల్లెడ చిరిగి ఉంటుంది, డెంగీ అక్కడ మామూలే. అడుగున కుళాయి ప్లాస్టిక్‌ది, పిల్లలు ఎక్కి తొక్కితే విరిగి, రాత్రికి రాత్రే ట్యాంకు ఖాళీ. ఇత్తడి కుళాయి పెట్టు, ఉప్పుగాలికి ఇనుము మూణ్ణాళ్ళ ముచ్చటే. ఏ వాషరు, ఏ జల్లెడ, ఏ గొట్టం వాడినా అది సువాలో మామూలు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుందా అని ముందే చూడు. నేనున్న దగ్గర ఒక పెద్ద సంస్థ ఉప్పునీళ్ళు శుద్ధిచేసే యంత్రం తెచ్చి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళింది. ఫిల్టరు పాడయ్యాక అది కోళ్ళు గుడ్లు పెట్టుకోడానికి పనికొచ్చింది.

నీళ్ళ పరీక్షకి లేబు కోసం చూడకు. బ్యాక్టీరియా ఉంటే నల్లగా మారే సీసా పరీక్ష ఉంది, H2S కాగితం పరీక్ష అంటారు. దాన్ని 1982లో మన గ్వాలియర్ రక్షణ పరిశోధనశాల శాస్త్రవేత్తలు తయారుచేశారు, పసిఫిక్ ఊళ్ళలో ఇప్పుడు బాగా వాడుతున్నారు. ఆ సీసాలు నువ్వు నింపకు. బడి పిల్లల చేత నింపించి, మూడోరోజు నల్లబడ్డ సీసాని సభలో చాప మధ్య పెట్టించు. నువ్వు గంట ఉపన్యాసమిచ్చినా రాని కదలిక ఆ ఒక్క సీసాతో వస్తుంది. పిల్లలు ఏ ట్యాంకు నీళ్ళో గట్టిగా చెప్తారు చూడు, ఆ ట్యాంకు యజమాని సాయంత్రానికి నిచ్చెన వేసుకుని ఎక్కుతాడు.

పనికి కూలి మనుషుల్ని పెట్టకు. ఊరంతా కలిసి చేసే పద్ధతి వాళ్ళకుంది, సోలెసోలెవాకి అంటారు. ఊరి పెద్ద ఒక రోజు ఖరారు చేస్తాడు, మగవాళ్ళు కంకర మోస్తారు, ఆడవాళ్ళు వండుతారు. ఒక్కసారి నువ్వు డబ్బిచ్చావా, ఆ తర్వాత ప్రతి పనికీ ధర అడుగుతారు, తప్పు వాళ్ళది కాదు. చావు జరిగినా, పెళ్ళి జరిగినా వారం పాటు పని ఆగిపోతుంది. టెన్షన్ పడకు, వెళ్ళి వాళ్ళతోపాటు కర్రపెండలం తొక్క తియ్యి.

తుపాను గురించి భయపెట్టాలని కాదు గానీ, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాటి కాలం. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ ఐదో స్థాయి తుపాను. ఫిజీలో 44 మందిని పొట్టన పెట్టుకుంది, నువ్వు వెళ్ళే లోమైవిటిలోనే ఉన్న కోరో దీవిని దాదాపు నేలమట్టం చేసింది. హెచ్చరిక వస్తే మూడు పనులు ఊరిచేత ముందే అలవాటు చేయించు. గాడి నుంచి ట్యాంకుకి వచ్చే గొట్టం ఊడదియ్యాలి, లేకపోతే సముద్రపు తుంపర లోపలికి పోతుంది. ట్యాంకు నిండుగా ఉండేలా చూడాలి, ఖాళీది ఎగిరిపోతుంది. మూత తాళ్ళతో కట్టాలి. నిన్ను ఎక్కడ తలదాచుకోమంటే అక్కడ ఉండు, ఫొటోల కోసం బయటికి రాకు. మీ అమ్మకి ఈ పేరా చదివి వినిపించకు.

ఫైబర్ పడవలో లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకు. ఎవరైనా నవ్వితే నవ్వనీ, నీది నువ్వు కొనుక్కెళ్ళు. పగడపు రాయి గీసుకుంటే చిన్న గాయమే కదా అనుకోకు, మంచినీళ్ళతో రుద్ది కడిగి మందు రాయి, రెండు రోజుల్లో చీము పడుతుంది. మలేరియా ఫిజీలో లేదు. డెంగీ, టైఫాయిడ్, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉన్నాయి. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపలు కొన్ని విషమౌతాయి, ఊరివాళ్ళు తినని చేప నువ్వూ తినకు. బయల్దేరే ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకో. దీవిలో పన్ను నొప్పి వస్తే సువా పడవ వచ్చేదాకా లవంగమే గతి.

తిండికి ఇబ్బంది లేదు. చేమదుంప, కర్రపెండలం, సీమపనస, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు, దాన్ని రౌరౌ అంటారు, నీకు తప్పకుండా నచ్చుతుంది. పప్పూ రొట్టె కూడా ఫిజియన్ల ఇళ్ళలో మామూలు వంటే, మనవాళ్ళ పుణ్యమా అని. ఆవకాయ జాడీ మాత్రం వద్దు. ఎయిర్‌పోర్టులో తిండి వస్తువులన్నీ ఫారంలో రాసి చూపించాలి, దాచావా జరిమానా. అయినా నాండీ, బా పట్టణాల కొట్లలో చింతపండు, మిరపపొడి, ఆవాలు అన్నీ దొరుకుతాయి.

ఆ పట్టణాల్లో మనవాళ్ళుంటారు కూడా. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటలకి గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పందపు కూలీలుగా, తీసుకెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1926లో నాండీలో పుట్టిన సంగం అనే దక్షిణ భారతీయుల సంస్థ బళ్ళలో తమిళంతోపాటు తెలుగూ చెప్పారు. ఇప్పుడు ఇళ్ళలో ఎక్కువగా ఫిజీ హిందీయే. సెలవులకి వెళ్ళినప్పుడు వాళ్ళని కలువు, భోజనం పెట్టందే పంపరు. కానీ దీవిలో యంగోనా గిన్నె దగ్గర భూముల గురించీ, 1987, 2000, 2006లో జరిగిన తిరుగుబాట్ల గురించీ నువ్వు నోరెత్తకు. ఎవరైనా అక్కడి మన భారతీయుల సంగతేమిటని ఎత్తితే విను, నీ తీర్పు చెప్పకు.

ఒకటి మర్చిపోయాను. రాజస్థాన్‌లో టిలోనియా అనే ఊళ్ళో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది కదా, అక్కడికి పసిఫిక్ దీవుల నుంచి చదువురాని అమ్మలు, అమ్మమ్మలు వచ్చి సోలార్ దీపాలు బిగించడం, బాగుచెయ్యడం నేర్చుకుని వెళ్ళారు. వీలైతే వెళ్ళేలోపు ఒకసారి టిలోనియా చూసి రా. భాష రానివాళ్ళకి రంగులు చూపించి, చేతులు పట్టుకుని ఎలా నేర్పుతారో చూస్తే నీ ట్రైనింగ్ మాన్యువల్ ఎలా రాయాలో తెలుస్తుంది. ఇప్పుడు నువ్వు రాసిన నలభై పేజీలూ ఎవరూ చదవరు, నేనే సగంలో నిద్రపోయాను.

పోలీస్ క్లియరెన్స్‌కి ఈ వారమే అప్లై చెయ్యి, టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు ఎప్పుడో డాక్టర్ని అడుగు. రెండు సులులు సువాలోనే కొనుక్కో, ఇక్కడినుంచి పొడవు పావడాలు నాలుగు పట్టుకెళ్ళు. ట్యాంకుల లెక్కలు మళ్ళీ వేసి, పొడి నెలలకి మనిషికి రోజుకి ఎన్ని లీటర్లు వస్తున్నాయో నాకు పంపు. ఆదివారం ఫోన్ చెయ్యి, చూసి పెడతాను.

మీ పెదనాన్న