మాల్ట్‌బీ ఏ ఊరి పేరు?

ప్రశ్న: 1882 నాటి గంజాం జిల్లా మాన్యువల్ రాసిన దొర పేరు టి.జె. మాల్ట్‌బీ. అది ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరనీ, ఆ ఊళ్లో మాల్ట్ తయారయ్యేదనీ మా మాస్టారు అన్నారు. నిజమేనా? అలాంటి పేరు ఏ ఊరిదో తేల్చడం ఎలా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఊరిపేరన్నది నిజమే. చివరి ‘బీ’ మాత్రం 9వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడిన డేన్‌ల (డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవాళ్ల) మాట. పల్లె అని అర్థం. డెర్బీ, గ్రిమ్స్‌బీల్లోనూ ఉన్నది అదే. పేచీ అంతా ‘మాల్ట్’ దగ్గరే. మాల్టి అనే మనిషి పేరని కొందరు పండితులు, బార్లీని మొలకెత్తించి మాల్ట్ చేసిన చోటని కొందరు. మీ మాస్టారిది రెండో పక్షం. దాన్ని కొట్టిపారేయలేం, అదే ఖాయమనీ అనలేం.

ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఊరిపేరుతో పిలవరు, వేరే చోటికి వెళ్లాకే ఆ పేరు అక్కరకొస్తుంది. మన ఇచ్ఛాపురపువారి పేరు లాంటిదే ఇదీ. మొదట్లో ‘డి మాల్ట్‌బీ’ (మాల్ట్‌బీకి చెందిన) అని రాసేవారు, తర్వాత ‘డి’ రాలిపోయింది. భూస్వాములకైతే ఉన్న చోటే తమ ఊరిపేరు స్థిరపడేది.

ఇప్పటి స్పెల్లింగును నమ్మకండి. ముందు 1086 నాటి డూమ్స్‌డే బుక్ (ఇంగ్లండు భూముల సర్వే) చూడాలి. యార్క్‌షైర్ మాల్ట్‌బీ అందులో ‘మాల్టెబీ’, కనుక ‘బీ’ పాతదే. రగ్బీ ఊరు అలా కాదు. అందులో ‘రోచెబెరీ’ అని ఉంది. అసలు తోక కోటను సూచించేది, ‘బీ’ తర్వాత వచ్చి చేరింది.

ఇక ఏ మాల్ట్‌బీ? దక్షిణ యార్క్‌షైర్‌లో రాథర్‌హామ్ దగ్గర ఒకటి, లింకన్‌షైర్‌లో మాల్ట్‌బీ లె మార్ష్, ఉత్తర యార్క్‌షైర్‌లో ఇంకొకటి ఉన్నాయి. అందుకే ఆ పేరున్నవాళ్లంతా ఒకే వంశం అనుకోకూడదు. చాలామంది పొరబడేది ఇక్కడే: ముందే ఊరు ఎంచుకుని కుటుంబాన్ని దానికి అతికిస్తారు. కుటుంబంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లాలి. గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి, ఇక్కడి దొరల బాప్టిజం, పెళ్లి, ఖనన రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో దొరుకుతాయి. అక్కడ తండ్రి పేరు తెలిస్తే ఇంగ్లండు జనగణనకు వెళ్లండి. 1851 నుంచి అందులో పుట్టిన పారిష్ (చర్చి పరిధిలోని ఊరు) కూడా రాశారు. అంతకు ముందువాటికి 1538లో మొదలైన చర్చి రిజిస్టర్లే ఆధారం. వాటిలో మాల్ట్‌బీ, మాల్ట్‌బై, మాట్‌బీ అన్నీ వెతకాలి. అయితే నార్ఫక్‌లో మాట్‌బీ అని వేరే ఊరే ఉంది. ‘ల్’ లేని రూపం కనిపిస్తే ఆ కుటుంబం ఏ కౌంటీదో చూశాకే నిర్ణయించండి.