బోర్డులో చేరబోతున్న చెల్లెమ్మకు

ప్రియమైన చెల్లెమ్మకు, ప్రభువు నామంలో వందనాలు.

ఆ సేవా సంస్థ వాళ్ళు నిన్ను బోర్డులోకి రమ్మన్నారని, ఏం చెప్పాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. ఒప్పుకో. కాకపోతే అక్కడ నీ పనేమిటో తెలుసుకుని ఒప్పుకో. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి బోర్డుల్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

సంస్థను నడపడం బోర్డు పని కాదు. సరైన మనిషికి అప్పగించి, ఏం సాధించాలో, ఏ హద్దు దాటకూడదో స్పష్టంగా చెప్పి, ఆ పని జరుగుతోందో లేదో చూడడం బోర్డు పని. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడు. విధవరాళ్ళకు రోజూ పెట్టే భోజనంలో తేడా జరుగుతోందని సణుగు మొదలైతే, అపొస్తలులు తామే వడ్డనకు దిగలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఎంచుకోమని చెప్పి పని వాళ్ళకు అప్పగించారు. ఆఫీసు గోడలకు ఏ రంగు వేయాలని గంటసేపు మాట్లాడి, చివరి పది నిమిషాల్లో ఏడాది బడ్జెట్‌కు సరేనని చేతులెత్తిన మీటింగులు నేను చూశాను. అలా చేయనివ్వకు.

ఇంకో సంగతి. అధికారం బోర్డుది, నీ ఒక్కదానిది కాదు. కోరం ఉన్న మీటింగులో, అంటే ఉండాల్సిన కనీస సంఖ్యలో సభ్యులు హాజరైన మీటింగులో, తీర్మానమైతేనే అది బోర్డు మాట. బయటికొచ్చి స్టాఫ్‌కు ‘ఇలా చెయ్యి’ అని చెప్పే హక్కు నీకు లేదు. వాదించాల్సిందంతా లోపలే వాదించు. నీ అభ్యంతరం మినిట్స్‌లో, అంటే మీటింగులో జరిగినవి రాసిపెట్టే కాగితాల్లో, రాయించు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక సంస్థలో బావులు తవ్వించడానికి దాతలు డబ్బు పంపారు. ఆ ఏడాది లెక్కల కాగితాల్లో మూడో పేజీలో, బావుల నిధి నుంచి జీతాలకు బదిలీ అని ఒక లైను కనిపించింది. పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. అంతకుముందే ఆ సంస్థ నాయకుడు కన్నీళ్ళతో ప్రార్థన చేసి కూర్చున్నాడు. ఇప్పుడు అడిగితే దైవసేవకుణ్ణి అనుమానించినట్టు ఉంటుందనిపించి పేజీ తిప్పేశాను. లెక్కలు ఏకగ్రీవంగా ఆమోదించామని మినిట్స్‌లో రాసుకున్నాం. మరుసటి ఏడు ఒక దాత తానిచ్చిన బావి ఫొటో పంపమన్నాడు. బావి లేదు. ఆ నాయకుడు సొంతానికి ఏమీ వాడుకోలేదు. జీతాలు ఆగకూడదని తీశాడు, తర్వాత సర్దేద్దామనుకున్నాడు. ఆ రోజు నేను ఒక్క మాట అడిగి ఉంటే ఆ సాయంత్రమే చక్కబడేది. దాతల నమ్మకం తిరిగి రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. గీత ఉన్న ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదమ్మా. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే చేతిలో పెట్టుకోలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తోడు తీసుకున్నాడు. దేవుని ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నింద రాకూడదని రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో రాశాడు. పౌలుకే అవసరమైన జాగ్రత్త మన నాయకులకు అవమానమెలా అవుతుంది? చర్చ కష్టమైనప్పుడు ‘ప్రార్థన చేసి ముగిద్దాం’ అంటారు. ప్రార్థన చెయ్యి. కళ్ళు తెరిచాక ఆ ప్రశ్న మళ్ళీ అడుగు.

బోర్డులో ఎవరెవరున్నారో కూడా చూసుకో. అమెరికాలో 1979లో ఏర్పడిన ఎవాంజెలికల్ కౌన్సిల్ ఫర్ ఫైనాన్షియల్ అకౌంటబిలిటీ, అంటే క్రైస్తవ సంస్థల డబ్బు విషయంలో జవాబుదారీతనం చూసే మండలి, తన సభ్య సంస్థల బోర్డులకు కొన్ని షరతులు పెట్టింది: కనీసం ఐదుగురు సభ్యులు ఉండాలి, వాళ్ళలో ఎక్కువమంది స్వతంత్రులై ఉండాలి, ఏడాదికి కనీసం రెండుసార్లు కూడాలి. నాయకుడి భార్య, కొడుకు, బావమరిదే బోర్డంటే వాళ్ళెంత భక్తిపరులైనా అడగాల్సినవి నోరు దాటి రావు. నీ బంధువుకు కాంట్రాక్టు ఇచ్చే విషయం వస్తే ముందే చెప్పేసి గదిలోంచి లేచి వెళ్ళు. నాయకుడి జీతం కూడా ఆయన లేనప్పుడే నిర్ణయించాలి.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది నాయకుణ్ణి పట్టించుకోవడం. ఏడాదికోసారి ఆయన పనిని బోర్డు కూర్చుని బేరీజు వేయాలి, ఆ మాట ఆయనకు ఎదురుగా, ప్రేమగా చెప్పాలి. సెలవు తీసుకున్నాడా, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉన్నారా, అదీ అడగాలి. ఆయన తర్వాత ఎవరన్నది కూడా ఆయన బలంగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి. మోషే బతికుండగానే సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు కదా.

సరేనని చెప్పే ముందు వాళ్ళ నిబంధనావళి, గత రెండేళ్ళ మినిట్స్, కిందటి ఆడిట్ రిపోర్టు అడుగు. సంతోషంగా ఇచ్చారా, నసిగారా గమనించు. అర్థం కాని చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకో. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

ప్రేమతో,
అన్నయ్య